వెంకటరామారావుగారిని గుద్దిన పంది

వీరయ్యగూడెంలో వెంకటరామారావుగారి కంటే బాగా బండి నడిపే మనిషి లేడన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఆయనే చెప్పాడు. పెళ్లిళ్లలో చెప్పాడు, చావుల దగ్గర చెప్పాడు, దమ్మపేట ఎరువుల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు.

ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అడవి అంచున ఎకరాలు చవగ్గా దొరుకుతున్న రోజుల్లో ఇక్కడ స్థిరపడ్డాడు. కొడుకు చేతికి వచ్చేసరికి ఆ పొలాల్లో పామాయిల్ తోటలు, మొక్కజొన్న, ఇంటి ముందు ఒక బుల్లెట్ బండి ఉన్నాయి. పొలం పని కోటేష్ చూసుకునేవాడు. ఇల్లు భార్య హైమ చూసుకునేది. ఆయన బుల్లెట్‌ను చూసుకునేవాడు.

బండి నడపడం గురించి ఆయనకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉండేవి. అద్దాలు ఉండకూడదు. "వెనకొచ్చేవాడు మనల్ని చూసుకోవాలి గానీ, మనం వాణ్ని చూడ్డమేంటి?" అని రెండు అద్దాలూ పీకించేశాడు. హారన్ మాత్రం లారీది పెట్టించాడు. ఇక హెల్మెట్ సంగతైతే, అది చెయ్యి తిరగనివాళ్లకు. హైమ పోరు పడలేక ఒకటి కొన్నాడు కానీ దాన్ని బండి పక్కన కొక్కేనికి తగిలించేవాడు. అశ్వారావుపేట వైపు చెక్‌పోస్టు కనబడగానే నెత్తిన పెట్టుకుని, దాటగానే తీసి మళ్లీ కొక్కేనికి తగిలించేవాడు. ఆ హెల్మెట్ తలను కాపాడటానికి కాదు, పోలీసుల నుంచి జేబును కాపాడటానికి అని ఆయనకు స్పష్టంగా తెలుసు.

"హెల్మెట్ పెడితే జుట్టు ఊడుతుంది" అన్నది ఆయన అసలు వాదన. పెట్టకుండానే సగం ఊడిపోయిందని హైమ ఒకసారి గుర్తుచేసింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఊరి మీదుగా కొత్త తారురోడ్డు పడ్డప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. శంకుస్థాపన ఫోటోలో మూడో వరసలో, ఎవరిదో భుజం వెనకాల ఆయన ముఖం సగం కనిపిస్తుంది. అప్పటి నుంచి "రోడ్డు నేను వేయించాను" అనడం మొదలుపెట్టాడు. వేయించినవాడికి వాడుకునే హక్కు కూడా ఉంటుంది కదా. ఏటా ఏప్రిల్ రాగానే తన చేను ఎదురుగా సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోయించేవాడు. వేడెక్కిన తారు మీద గింజ గలగలలాడుతూ ఎండుతుంది. బళ్లు తొక్కకుండా అంచు పొడుగునా వాగులోంచి తెచ్చిన రాళ్లు పేర్పించేవాడు. ఒక్కో రాయీ చంటిపిల్లాడి తలకాయంత ఉండేది. ఆయన్ని చూసి మిగతా రైతులూ మొదలుపెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో వీరయ్యగూడెం రోడ్డు సగం కళ్లం, సగం రోడ్డు. వచ్చే బళ్లూ పోయే బళ్లూ ఆ మిగిలిన సగంలోనే పరస్పరం బెదిరించుకుంటూ తిరిగేవి.

ఆ ఏడు కవిత పడింది.

కవితది పక్కనున్న బద్యా తండా. దమ్మపేట దవాఖానాలో నర్సు. రోజూ స్కూటీ మీద డ్యూటీకి వెళ్తుంది, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి మరీ. ఆ పొద్దున ఎదురుగా బస్సు వచ్చింది. ఆమె పక్కకు తప్పుకుంది. ముందు చక్రం మొక్కజొన్న మీదికెక్కి, గోళీల మీద కాలేసినట్టు జర్రున జారింది. ఆమె తల పోయి రాయికి కొట్టుకుంది. లేచి చూసుకుంటే మోకాలు చెక్కుకుపోయింది. హెల్మెట్ మాత్రం చెవి దగ్గర నుంచి నడినెత్తి దాకా పగిలి ఉంది.

ఆ హెల్మెట్ పట్టుకుని కుంటుకుంటూ ఆమె నేరుగా వెంకటరామారావు ఇంటికి వచ్చింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"సార్, గా రాళ్లు తీపియ్యుండ్రి" అంది కవిత. "ఇయ్యాల నేను పడ్డ. రేపు ఇంకొకలు పడ్తరు."

"ఎవరమ్మాయివి నువ్వు?"

"బద్యా తండా సార్. దమ్మపేట దవాఖానల నర్సును."

"నర్సువా, మంచిదే. టైమవుతోందని స్పీడుగా వచ్చుంటావు."

"లేదు సార్, నిమ్మలంగనే వస్తున్న. బస్సొచ్చింది, పక్కకు జరిగిన."

"నిమ్మళంగా వచ్చేవాళ్లు పడరమ్మా. బ్రేకు ఎప్పుడు కొట్టాలో తెలీనివాళ్లు పడతారు. పాపం మొక్కజొన్న ఏం చేసింది? దాని మానాన అది ఎండుతోంది."

కవిత పగిలిన హెల్మెట్‌ను ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "ఇది లేకుంటె నేను గిప్పుడు మీ ముంగట నిలబడకపోదును సార్."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను చెప్పేది అదేనమ్మా. ఇలాంటివి హెల్మెట్ పెట్టుకునేవాళ్లకే జరుగుతాయి. అది నెత్తిన ఉందన్న ధైర్యంతో రోడ్డు చూసుకోరు. నన్ను చూడు. మీసం రాకముందు నుంచి నడుపుతున్నాను. ఒక్కసారి కాలు కింద పెట్టానేమో అడుగు ఎవర్నన్నా."

అడగడానికి అక్కడ ఇంకెవరూ లేరు. మంచినీళ్లు తెచ్చిన హైమ ఉంది కానీ, ఆమె గ్లాసు కవితకు అందించి లోపలికి వెళ్లిపోయింది. కవిత గ్లాసు తీసుకుని తాగి, హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

అయితే వెంకటరామారావు మరీ రాతిగుండె మనిషేమీ కాదు. ఆడపిల్ల దెబ్బ తగిలించుకుని వచ్చింది, ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. సాయంత్రం కోటేష్‌ను పిలిచాడు. "రాళ్లు సరిగ్గా కనబడ్డం లేదంటున్నార్రా జనం. ఇంకో వరస పేర్చు" అన్నాడు. కోటేష్ ఇంకో వరస పేర్చాడు.

ఆ తర్వాతి వారం సత్తుపల్లిలో ఒక సేవాసంఘం వాళ్లు రోడ్డు భద్రత మీద సభ పెట్టారు. వేదిక మీద కుర్చీలు ఎక్కువయ్యాయి, పెద్దమనుషులు తక్కువయ్యారు. దాంతో వెంకటరామారావును ఆదర్శ రైతుగా పిలిచారు. ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని, జుట్టుకు రంగు వేసుకుని వెళ్లాడు. మైకు చేతికి రాగానే, ఈ కాలం కుర్రాళ్లకు రోడ్డంటే భయం లేదని, తల్లిదండ్రుల పెంపకం అలా తగలడిందని, ప్రాణం విలువ తెలియడం లేదని చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఇంకాసేపు చెప్పాడు. చప్పట్లు కొట్టి ఆపుదామని చూశారు కానీ, ఆయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని మొదటి నుంచి అందుకున్నాడు. చివరికి శాలువా కప్పి, ఒక కొత్త హెల్మెట్ చేతిలో పెట్టి పంపించారు.

ఆ శాలువా మెడలో వేసుకుని, కొత్త హెల్మెట్‌ను ప్లాస్టిక్ కవరుతో సహా హ్యాండిల్‌కు తగిలించుకుని, పొద్దు గూకే వేళకు ఆయన ఇంటిదారి పట్టాడు. పాత హెల్మెట్ ఎలాగూ కొక్కేనికి ఉండనే ఉంది. రెండు హెల్మెట్లు, ఒక తల; మూడూ గాలికి హాయిగా ఊగుతూ వస్తున్నాయి.

అంతకు ముందే, మధ్యాహ్నం పూట వీరయ్యగూడెం మీద మబ్బు పట్టింది. వాన పడుతుందేమోనని కోటేష్ మొక్కజొన్నంతా కుప్పగా లాగి, నల్ల టార్పాలిన్ కప్పాడు. గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టాడు. కుప్ప కదా, రోడ్డు నడిమికి కాస్త ఎక్కువే వచ్చింది. నల్ల రోడ్డు, నల్ల టార్పాలిన్, మసక వెలుతురు. కోటేష్ తన పని తాను శ్రద్ధగా చేసి, చేను గట్టు మీద మంచం వేసుకుని పడుకున్నాడు.

వెంకటరామారావు ఎప్పటిలాగే రోడ్డు కుడిపక్కన వస్తున్నాడు. ఎడమపక్క ఆయన పంట ఉంది కాబట్టి అది బళ్లు నడిచే చోటు కాదు. ఎదురుగా ఒక లైటు కనిపించింది. ఒకే లైటు. మోటారుసైకిలే కదా, వాడే తప్పుకుంటాడు అనుకుని లారీ హారన్ మోగించాడు. ఆ లైటు తప్పుకోలేదు. దగ్గరికి వచ్చాక దాని పక్కన ఇంకో లైటు ఉండాల్సిన చోట నల్లటి గుంట, దాని వెనకాల పామాయిల్ గెలలు నింపిన ట్రాలీ ఆయనకు కనిపించాయి. అది ఒంటికన్ను ట్రాక్టరు.

ఆయన ఎడమకు కోశాడు. తిరిగిన చెయ్యి కదా, చక్కగానే కోశాడు. బుల్లెట్ తిన్నగా వెళ్లి ఆయన రాళ్ల మీద, ఆయన టార్పాలిన్ మీద, ఆయన మొక్కజొన్న మీద పడింది. ఆయన మాత్రం ఇంకొంచెం ముందుకు వెళ్లి, తాను వేయించిన రోడ్డు మీద ముఖం ఆనించి పడుకున్నాడు.

చప్పుడుకు కోటేష్ లేచి పరుగెత్తుకొచ్చాడు. ట్రాక్టరు ఆపి దాని డ్రైవరూ దిగివచ్చాడు. అతనిది పక్క మండలం.

"బాబుగారూ! బాబుగారూ!" అంటూ కోటేష్ ఆయన్ని వెల్లకిలా తిప్పాడు. ముఖమంతా రక్తం. "రాయి తగిలింది బాబుగారూ, నేను చెప్తనే ఉన్న, గీ రాళ్లు..."

వెంకటరామారావు కళ్లు తెరిచాడు. ముందు కోటేష్ కనిపించాడు. అతని భుజం మీంచి తొంగిచూస్తున్న కొత్త మనిషి ముఖం కనిపించింది. ఆ ముఖం రేపు పొద్దున పక్క మండలంలో ఎన్ని కొట్ల దగ్గర ఏమేం చెబుతుందో, అంత నొప్పిలోనూ ఆయన బుర్రకు తట్టింది.

"ఫంది" అన్నాడు. పెదవి చీలిపోవడం వల్ల మాట సరిగ్గా రాలేదు.

"ఏంది బాబుగారూ?"

"అడవిపంది. అడ్డమొచ్చి గుద్దింది. నువ్వు చూళ్లేదూ?"

కోటేష్ అటూ ఇటూ చూశాడు. పంది లేదు. రాళ్లు ఉన్నాయి. బాబుగారు తననే చూస్తున్నారు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఎప్పుడేం చూడాలో అతనికి తెలుసు.

"చూసిన బాబుగారూ" అన్నాడు. చేతులు రెండూ చాపి, "గింత ఉంది" అన్నాడు.

వెంకటరామారావు పడుకున్నచోటి నుంచే ఆ చేతుల వంక అసంతృప్తిగా చూశాడు. కోటేష్ చేతులు ఇంకొంచెం ఎడం చేశాడు.

దమ్మపేట దవాఖానాలో ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది కవితే. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, డాక్టరు కుట్లు వేసే ముందు ముఖం శుభ్రం చెయ్యమన్నాడు. ఆమె పనిలో ఎక్కడా మొరటుతనం చూపలేదు. మెల్లగా తుడిచింది. నొప్పి పుట్టిన చోట ఆగింది. చెవి దగ్గరికి వచ్చేసరికి చిన్న పట్టకారు తీసుకుని ఏదో లాగి, పక్కనున్న స్టీలు గిన్నెలో వేసింది. ఠంగుమంది. ఇంకోటి లాగింది. అదీ ఠంగుమంది.

"ఏమైంది సార్?" అని అడిగింది.

"ఫంది."

"పందా?" కవిత గిన్నె ఆయన కళ్ల ముందుకు తెచ్చి చూపించింది. రక్తం అంటిన రెండు మొక్కజొన్న గింజలు. "మరి గివి ఏంది సార్? జేబుల మక్కలు పెట్టుకోని వచ్చిందా పంది?"

ఇంత దెబ్బలోనూ వెంకటరామారావుకు జవాబు దొరికింది. అది ఆయనకున్న గొప్పతనం. "తింటూ వచ్చుంటుంది. మూతికి అంటుకున్నవి రాలి ఉంటాయి" అన్నాడు.

"అవ్ సార్, గట్లనే అయ్యుంటది" అంది కవిత, ఇంకో గింజ తీస్తూ.

అక్కడి నుంచి ఖమ్మం తీసుకెళ్లారు. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ముందు పళ్లు రెండు పోయాయి. తలకు స్కానింగ్ తియ్యాలన్నారు. ఆ గుండ్రటి మిషన్‌లోకి బల్ల జరుగుతున్నప్పుడు, జీవితంలో మొదటిసారి ఆయనకు నిజంగా భయం వేసింది. చుట్టూ గిర్రున మోత. ఆ మోతలో రాయి మళ్లీ కనిపించింది, ముఖం మీదికి వస్తూ. దాని వెనకే బల్ల మీద పెట్టిన పగిలిన హెల్మెట్ కనిపించింది. ఆ పిల్ల తల అందులో లేకపోయి ఉంటే అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు. బల్ల బయటికి జరిగేసరికి ఆ ఆలోచన లోపలే ఉండిపోయింది.

లోపల రక్తం గడ్డకట్టలేదని చెప్పి డాక్టరు అడిగాడు: "హెల్మెట్ లేదా?"

"ఉందండీ" అన్నాడు వెంకటరామారావు. నిజం చెప్పాలి కదా అని, "రెండున్నాయి" అన్నాడు.

"వాటికేమన్నా దెబ్బ తగిలిందా?"

"లేదండీ. గీత కూడా పడలేదు."

"సంతోషం" అని డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా హైమ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన రక్తపు చొక్కాను మడత పెడుతుంటే జేబులోంచి గింజలు, పొట్టు రాలాయి. ఆమె వాటిని ఏరి కిటికీలోంచి బయట పడేసింది.

"పంది ఎంత ఉంటుందండీ?" అని అడిగింది.

"పెద్దదే" అన్నాడాయన గోడ వైపు చూస్తూ.

"మీరు బతికి ఉన్నారు, నాకది చాలు. పంది సంగతి మీరూ కోటేషూ చూసుకోండి. నన్ను మాత్రం సాక్ష్యానికి పిలవకండి" అని ఆమె దుప్పటి కప్పి, గట్టిగా ముక్కు చీదుకుంది. ఆమె ఏడుస్తోందని ఆయనకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఏదో అనబోయాడు. పళ్లు లేని నోట్లోంచి గాలి వచ్చింది.

ఇంటికి వచ్చాక చూడ్డానికి జనం వచ్చారు. అందరికీ పంది కావాలి. రాయి తగిలి పడ్డవాణ్ని చూసి అరటిపళ్లిచ్చి పోతారు. పంది గుద్దినవాణ్ని చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి వస్తారు. వచ్చినవాళ్లు పెట్టిన మొహాలను బట్టి పంది పెరిగింది. మొదటి రోజు దూడంత ఉన్నది వారం తిరిగేసరికి గేదెంత అయింది. కోరలు వచ్చాయి. గుద్ది వెళ్లిపోయిన పంది, తర్వాత వెనక్కి తిరిగి వచ్చి ఇంకోసారి చూసి వెళ్లింది. అది ఎలుగుబంటి అయితే ఇంకా బాగుండేదని ఒకరిద్దరు ఆశపడ్డారు కానీ ఆయన ఒప్పుకోలేదు. ఎంతైనా అబద్ధానికీ ఒక హద్దు ఉండాలి.

ఇక్కడితో ఆగితే ఆయన గెలిచేవాడు. ఆగనివ్వనిది హైమ తమ్ముడు వెంకటకృష్ణ. బావంటే అతనికి ప్రాణం. అడవి జంతువు మనిషిని గాయపరిస్తే ప్రభుత్వం సాయం చేస్తుందని ఎక్కడో విని, ఎవరికీ చెప్పకుండా అడవి శాఖ వాళ్లకు ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చాక "బావా, నీ పందిని వదిలిపెట్టను" అని మాట కూడా ఇచ్చాడు.

ఫిర్యాదు ఇచ్చిన నాలుగో నాడు అడవి శాఖ బీట్ ఆఫీసరు హాతీరాం వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో రోడ్డంతా తిరిగి చూసి, చెమటలు కక్కుకుంటూ వరండా ఎక్కాడు. అప్పటికే అక్కడ ఊళ్లో రైతులు కొందరు కూర్చుని ఉన్నారు. అందరివీ రోడ్డు మీద మొక్కజొన్నలే. కవిత కూడా ఉంది. డ్యూటీకి పోతూ దారిలో కట్టు మార్చి పొమ్మని హైమే ఆమెను బతిమాలింది.

"సార్, నేను చూసొచ్చిన" అన్నాడు హాతీరాం. "పంది జాడ ఏడ లేదు. తారు మీద పడదంటరు, అవ్, ఒప్పుకుంట. పక్కకు మెత్తటి మట్టి ఉంది. దాంట్ల గూడ లేదు. చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

కోటేష్‌ను పిలిపించారు. అతను తువ్వాలు నడుముకు చుట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"ఎటు నుంచొచ్చింది పంది?"

"అడవిల నుంచి సార్."

"అడవి రెండు దిక్కుల ఉంది కద."

కోటేష్ తువ్వాలు బిగించుకున్నాడు. "రెండు దిక్కుల నుంచొచ్చింది సార్."

"అంటే రెండు పందులా?"

కోటేష్ బాబుగారి వంక చూశాడు. బాబుగారు ఒక వేలు గడ్డం కింద గోక్కున్నట్టు పెట్టారు. "ఒక్కటే సార్. ముందుగాల అటు పోయింది, మల్ల ఇటొచ్చింది."

హాతీరాం టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి వెంకటరామారావుతో అన్నాడు: "సార్, ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. రాయి తగిలి పడ్డరు అంటె నా పని ఈడికే ఐపోతది, పోయి బువ్వ తింట. పంది అంటె నేను మస్తు రాయాలె. చెప్పుండ్రి, రాయా, పందా?"

వెంకటరామారావు చుట్టూ చూశాడు. గేదెంత పందిని నమ్మి వచ్చిన ముఖాలు. గుమ్మం దగ్గర హైమ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. దగ్గర్లో కవిత, తల వంచుకుని కట్టు గుడ్డ చుడుతూ. రాయి అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. సత్తుపల్లిలో కప్పిన శాలువా గుర్తుకొచ్చి, అది మళ్లీ లోపలికి పోయింది.

"పందే" అన్నాడు.

హాతీరాం నిట్టూర్చాడు. అప్పుడు కవిత తలెత్తింది.

"పందే అయ్యుంటది అన్నా" అంది హాతీరాంతో. "గంత మక్క రోడ్డు మీద పోసి పెడ్తె అడవిల ఉన్న పందికి వాసన రాదా? సారు చెవుల మక్కలు నేనే తీసిన. పంది మూతికి అంటినయి రాలినయని సారే చెప్పిండు."

హాతీరాం వెన్ను నిటారుగా అయింది. ఆకలి కూడా మరిచిపోయినట్టు కనిపించాడు. "అట్ల చెప్పు! మక్కలకు అలవాటు పడ్డయన్న మాట. మంచిగ రాయొచ్చు."

"ఏం రాస్తావయ్యా?" అన్నాడు రైతుల్లో ఒకాయన, అనుమానంగా.

"ఏముంది? రోడ్డు మీద మక్కలు పోసుడుతోని అడవిపందులు ఊర్లకొస్తున్నయి, మనుషుల పాణానికి ముప్పు, జల్ది తీపియ్యాలె అని. అడవి జంతువు కేసు సార్, కలెక్టరు దాక పోతది."

వెంకటరామారావు పడక్కుర్చీలోంచి లేవబోయి, భుజం పోటుకు మళ్లీ కూలబడ్డాడు. "ఆగాగు. అది మొక్కజొన్న కోసం వచ్చిందని నేననలేదే. ఊరికే రోడ్డు దాటుతోందేమో. దానికీ పనులుంటాయి కదా."

"దవాఖానల మీరే అన్నరు కద సార్, తినుకుంట వచ్చిందని" అంది కవిత, మర్యాదగా. "పోనీ, రాయి అని రాయమంటరా?"

రైతులందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఇటు చూస్తే పంది, అటు చూస్తే రాయి. చివరికి ఆయన మంచినీళ్లు అడిగాడు. హైమ తేవడానికి లోపలికి వెళ్లింది కానీ, వంటింట్లోంచి చాలాసేపు ఆమె దగ్గు వినిపించింది.

వారం తిరక్కముందే మనుషులు వచ్చారు. అడవి శాఖ, పోలీసులు, పంచాయతీ, ముందు మైకు పెట్టిన ఆటో. రోడ్డు మీద గింజ కనిపిస్తే కేసు అన్నారు. రాళ్లన్నీ ఒక ట్రాలీలోకి ఎత్తి మళ్లీ వాగులో పోశారు. నర్సు తల పగలబోయినప్పుడు ఒక వరస పెరిగిన రాళ్లు, లేని పంది పేరు చెప్పగానే ఒక్క పూటలో మాయమయ్యాయి.

రైతులు వెంకటరామారావు ఇంటికి రావడం మానేశారు. ఎండబెట్టడానికి చోటు లేక కొందరు చేలల్లో పట్టాలు పరిచారు, కొందరు అశ్వారావుపేటలో కిరాయికి జాగా తీసుకున్నారు. "అంత పంది గుద్దింది కదా, చచ్చిపోయినా బాగుండేది" అని ఒకాయన అన్నట్టు ఆయన చెవిన పడింది. ప్రభుత్వ సాయం కోసం వెంకటకృష్ణ చాలాసార్లు తిరిగాడు. దరఖాస్తుకు జతచేసిన ఫోటోలో పంది లేదని వెనక్కి పంపారు.

భుజం మునుపటిలా లేవలేదు. బుల్లెట్ బరువు ఆపలేక దాన్ని మూల పెట్టి, గేర్లు లేని చిన్న బండి కొన్నారు. దాని అద్దాలు తీయించబోతే హైమ మెకానిక్‌ను గేటు దగ్గరే ఆపి, టీ ఇచ్చి పంపించేసింది. ఆమె వెనక కూర్చుంటే ఆయన హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. ఆయన తల మీద పట్టీ ఆమే బిగిస్తుంది, కాస్త గట్టిగానే. ఎవరైనా ఆశ్చర్యంగా చూస్తే, "పందులు ఎక్కువయ్యాయండీ" అంటాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆయన దమ్మపేటలో టీ కొట్టు ముందు బండి ఆపాడు. లోపల పది మంది మూగి ఉన్నారు. మధ్యలో కోటేష్ బల్ల మీద కాలు మడుచుకు కూర్చుని చెబుతున్నాడు.

"...బాబుగారు కింద పడి అమ్మో అయ్యో అని ఒర్లుతుండు. పంది మల్ల మీదికొస్తుంది. నేను ఊకుంటనా? కట్టె తీసుకున్న. దాని మూతి మీద ఒక్కటి ఇచ్చిన. బాబుగారు నా కాళ్లు పట్టుకోని, కోటేషూ, నన్ను ఇడిసిపెట్టకు అంటుండు..."

ఎవరో గుమ్మంలో నిలబడ్డ వెంకటరామారావును చూశారు. కోటేష్ మాట ఆగింది కానీ, కాలు మాత్రం దించలేదు.

"నిజమేనా బాబూ?" అని టీ కొట్టతను అడిగాడు. "కోటేష్ కట్టెతోని కొట్టిండా పందిని?"

అందరూ ఆయన వైపు తిరిగారు. వెంకటరామారావు హెల్మెట్ పట్టీ విప్పుకున్నాడు.

"కొట్టాడు" అన్నాడు.

"ఎన్ని దెబ్బలు?"

ఆయన కోటేష్ వంక చూశాడు. కోటేష్ గ్లాసులో మిగిలిన టీ తాగి, మూతి తుడుచుకుని, బాబుగారు చెప్పేదాకా ఓపిగ్గా ఎదురుచూశాడు.